శివారు నివాసము – పౌరధర్మము

మహానగరమున ఉద్యోగము, దానికి పది పదునైదు మైళ్ల దూరమున, సద్దులేని వీథిలో సొంతయిల్లు. నేటి మధ్యతరగతి గృహస్థుని కోరికలలో ఇంతకంటె బలమైనది మఱియొకటి కానరాదు. చిన్న పెరడు, రెండు కొబ్బరిచెట్లు, ఊటగల బావి, పిల్లలు భయములేక ఆడుకొను వాకిలి – వీనికొఱకు ఆతడు జీవితకాలపు అప్పును తలకెత్తుకొనుచున్నాడు. ఈ కోరికను తప్పుపట్టుటకు మేము పూనుకొనలేదు. ఇరుకుగదులలో, పొగలో, రొదలో బిడ్డలను పెంచుమని ఎవ్వరును ఎవ్వరిని నిర్బంధింపరాదు. కాని స్థలము కొనువాడు తూర్పువాకిలియా, పడమటివాకిలియా అని విచారించును. స్టేషనెంత దూరమని విచారించును. పట్టా సరిగా నున్నదా యని వకీలు నడుగును. ఈ ప్రశాంతి యెట్లు కలిగినది, దీనిని కాపాడువారెవ్వరు అని మాత్రము విచారింపడు. ఈ ప్రశ్నకు సమాధానము చెన్నపట్టణపు దక్షిణపు శివారుల చరిత్రయందు స్పష్టముగా లభించుచున్నది. ఆ నగరము తెలుగువారికి చిరపరిచితము. కావున దాని అనుభవమును మనదిగా నెంచి విచారించుట ఉచితము.

దక్షిణ ఇండియా రైల్వేవారు 1931లో బీచి స్టేషను మొదలు తాంబరమువఱకు, ఇంచుమించు 29 కిలోమీటర్ల మీటరుగేజి మార్గమున, విద్యుచ్ఛక్తిచే బండ్లను నడుప నారంభించిరి. బొంబాయిలో 1925లో మొదలైన పద్ధతి ఆఱేండ్లకు నాటి మన రాష్ట్ర రాజధానికి వచ్చినది. అంతకుముందు పల్లవరము దండు విడిసిన తావు. క్రోంపేటకు ఆ పేరు క్రోము తోళ్లను తయారుచేయు కర్మాగారమునుబట్టి కలిగినది. తాంబరము చుట్టును వరిపొలములు, చిట్టడవులు. మదరాసు క్రైస్తవ కళాశాల 1937లో నగరమధ్యమును విడిచి ఆ తాంబరమునకే తరలెను. క్రమముగా, నెలకొక్కమాఱు సీజను టిక్కెట్టు కొని, ఉదయపు బండిలో పోయి రాత్రి బండిలో మరలివచ్చు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, కంపెనీ ఉద్యోగులు ఆ మార్గమునకు ఇరుప్రక్కల ఇండ్లు కట్టుకొనిరి. మీటరుగేజి బండ్లు 2004లో అంతరించి బ్రాడుగేజి బండ్లు వచ్చినవి. కాని ఆ జీవితక్రమము మారలేదు.

శివారు ప్రశాంతి యెంతకాలము నిలుచునో తెలిసికొనవలెనన్న త్యాగరాయనగరమును చూడవలెను. 1920 తరువాతి దశాబ్దమున మైలాపురపు పొడుగు చెఱువును పూడ్చి, ఆ నేలపై ఆ నగరభాగమును నిర్మింప మొదలిడిరి. పిట్టి త్యాగరాయ సెట్టిగారి పేర ఊరును, పానగల్లు రాజాగారి పేర దాని నడిమి తోటయు వెలసినవి, ఇరువురును తెలుగువారే. విశాలమగు ఆవరణలతో, చెట్లనీడలతో నాడది నెమ్మదిగల చోటు. నేడు చీరలకును నగలకును దేశమంతట ప్రసిద్ధికెక్కిన అంగడి. పండుగ దినములలో అచ్చట కాలుమోప తావుండదు. నెమ్మది అచ్చటినుండి ఒక్కొక్క స్టేషనుగా దక్షిణమునకు జరిగిపోయినది. దాని వెంట మనుష్యుడును జరుగుచున్నాడు. ఆతడు చేరిన చోట్ల చెఱువులును సన్నగిల్లుచు వచ్చినవి.

ఆ ప్రాంతమంతయు, తమిళులు ఏరి యని పిలుచు వర్షాధారపు చెఱువుల వరుస. ఒకటి నిండినచో మిగులునీరు అలుగుమీదుగా దిగువ చెఱువునకు పాఱును. చిట్లపాక్కపు చెఱువు మిగులు సెంబాక్కపు చెఱువును చేరి, ఆ వరుసనే దిగువకు పోయి, తుదకు పల్లికరణ చిత్తడినేలలో కలియును. ఆ చిత్తడినేల 2022లో రాంసారు ఒడంబడిక జాబితాకెక్కి ప్రపంచఖ్యాతి నందినది. పూర్వము ఈ చెఱువులకు కావలివారెవ్వరు? వాని క్రింద ఆయకట్టుగల రైతులు. గట్టు వేయుట, పూడిక తీయుట, కాలువ చెక్కుట కుడిమరామత్తు పేర వారి సమష్టిధర్మముగా నుండెను. ఈ సంగతి భూస్వాములగు పాఠకులకు మేము చెప్పవలసినది కాదు. ఆ ధర్మమునకు పరోపకారబుద్ధి యొక్కటే మూలమని మేమనము; తన పైరు ఎండునను భయమే దానికి ముఖ్యాధారము. పొలము ఇండ్లస్థలమైన దినముననే ఆ భయము తొలగెను. అమ్మిన రైతు సొమ్ము తీసికొని తప్పుకొనెను. కొన్న గృహస్థుడు పగటివేళ ఊరనే యుండడు. నడుమ చెఱువు దిక్కులేనిదాయెను.

దాని ఫలమేమి? 2015 డిసెంబరు 2వ తేదీ ఉదయముతో ముగిసిన ఇరువదినాలుగు గంటలలో తాంబరమున 49 సెంటీమీటర్ల వర్షము కురిసినది. అడయారు పొంగినది, ముడిచూరు, వరదరాజపురము మొదలగు పేటలు మునిగినవి, మేడలమీద చిక్కుకొన్నవారిని పడవలలో దాటింపవలసివచ్చెను. అట్టి వర్షమును ఏ చెఱువును పూర్తిగా ఆపజాలదనుట నిజమే. కాని పూడిన చెఱువు, ఇండ్లు మొలచిన కాలువ ఆపదను పెంచుననుటయు అంతే నిజము. పిమ్మట నాలుగేండ్లు తిరుగకమునుపే, 2019 వేసవిలో, నగరమునకు నీరిచ్చు జలాశయములు ఎండిపోయినవి. జనులు బిందెలతో నీటిలారీలకై కాచుకొని నిలిచిరి. చెఱువు తన పని చేయని ఊరిలో అతివృష్టియు అనావృష్టియు ఒక్క గుమ్మమునకే వచ్చి నిలుచును.

ఇక పరిపాలనము. స్థానిక స్వపరిపాలనము ప్రజలకు రాజకీయశిక్షణ నొసగు సాధనమని 1882లో రిప్పను ప్రభువు తీర్మానము పలికినది. స్వతంత్ర భారతమున 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగసవరణ పురపాలక సంఘములకు అయిదేండ్లకొకమాఱు ఎన్నికలు జరుగవలెనని శాసించినది. అట్లుండియు తమిళనాట ఈ సంఘముల గడువు 2016 అక్టోబరులో తీరగా, మరల ఎన్నికలు జరిగినది 2022 ఫిబ్రవరిలో. నడుమ అయిదేండ్లకు మించి ప్రత్యేకాధికారులే పాలించిరి. ఆ కాలమునందే, 2021లో, తాంబరము, పల్లవరము మొదలగు అయిదు పురపాలక సంఘములును, అయిదు పట్టణ పంచాయతీలును కలిపి తాంబరము నగరపాలక సంస్థను ఏర్పఱచిరి. వ్యాజ్యములు నడిచినవి, పత్రికలు వ్రాసినవి. కాని తన వార్డునకు సభ్యుడే లేడను సంగతి, రాత్రి బండి దిగి ఇల్లు చేరువానికి ఎన్ని రాత్రులు నిద్రలేకుండ జేసినది? ఆతని ఓటు ఇచ్చట, ఆతని చూపు నగరమున. పగలెల్ల నగరమునకు చాకిరిచేసి వచ్చినవానికి ఇల్లు విశ్రాంతిస్థానమైనది. ఊరు మాత్రము ఊరు కాలేదు.

ఐనను నిరాశకు తావులేదు. ఆ 2019 వేసవిలోనే చిట్లపాక్కపు నివాసులు తామే పాఱలు పట్టి ఎండిన చెఱువులోనికి దిగి పూడిక తీసిరి. వారి పట్టుదలచే ప్రభుత్వమును కదలి, ఆ చెఱువు పునరుద్ధరణమునకు ధనము కేటాయించెను. వారిలో ఆ చెఱువునీటితో పైరు పండించుకొనువారు లేరు. వారి ఆయకట్టు తమ యింటి బావియే. చెఱువున నీరు నిలిచిన బావిలో ఊట నిలుచునను ఎఱుక కలిగినంతనే పాతధర్మమునకు క్రొత్త కావలివారు దొరకిరి.

నిత్యము రెండు మూడు గంటలు ప్రయాణమునకే వ్యయమగువానికి ఊరి వ్యవహారములకు తీరిక యెక్కడిది, పన్ను కట్టుచుండగా తక్కినది ప్రభుత్వపు పని కాదా, అని కొందఱందురు. తీరిక లేమి సత్యమే. కాని ఇంటికి కావలివానిని, గేటును ఏర్పాటుచేయు సంఘము నెలకొకమాఱు కూడుచునే యున్నదికదా! ఆ కూటమున చెఱువు ప్రసంగము ఒక్క గడియ సాగరాదా? పగలు ఊరనుండు పింఛనుదారులకును, స్త్రీలకును, చదువుకొను యువకులకును అందు పెద్దపీట వేయరాదా? గ్రామపటమున కాలువ యెటు పోయినదో, నేడెచ్చట తెగినదో తెలిసికొని సభ్యుని నిలదీయుటకు ఏండ్లు పట్టదు. ప్రభుత్వము పనిచేయవలసినదే, కాని అడుగువారు లేనిచోట అది ఆలస్యముగనే మేల్కొనును.

ఈ విచారణ చెన్నపట్టణముతో ముగియదు. హైదరాబాదున 2003లో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మొదలైనవి, ఆ నగరము నలుదెసల పొలములలోనికి పాకినది. 2020 అక్టోబరు వర్షములలో చెఱువుల దిగువనున్న అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. నేడు హైదరాబాదు చుట్టును, విజయవాడ గుంటూరుల నడుమను, విశాఖపట్టణము వెలుపలను పొలములమ్ము భూస్వాములును, అవి కొను పట్టణవాసులును ఈ పత్రిక చదువుచున్నారు. అమ్మువారికి మా మనవి యొక్కటి: పొలము మీది, దాని వెల మీది, కాలువయు, అలుగును, చెఱువు శిఖమును మీవి కావు, వానిని ప్లాటులలో కలిసిపోనీయకుడు. కొనువారికి మఱియొకటి: పట్టాతోపాటు గ్రామపటమును చూడుడు, నీరు వచ్చుదారిని, పోవుదారిని తెలిసికొనుడు. పిదప ఆ దారికి కావలియుండుడు. ఇల్లు కొన్నంతమాత్రమున ప్రశాంతి సొంతము కాదు. దానిని ఇరుగుపొరుగుతో కలిసి ఏటేట సంపాదించుకొనవలసినదే.