తూప్రాన్ బస్సెక్కే ముందు ఈ ఇద్దరి గురించి చదవండి

మేడ్చల్‌లో బస్సు కోసం నిలబడితే తూప్రాన్, కామారెడ్డి బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. శామీర్‌పేట వైపు నుంచి మేడ్చల్ కాలేజీలకు వచ్చేవాళ్లకూ అవి అలవాటే. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారా? అయితే ఆ తూప్రాన్ పేరు దగ్గర కాసేపు ఆగండి.

ద్వీపాంతరవాసం అంటే దేశం దాటించి పంపే శిక్ష. బ్రిటన్ 1788 నుంచి 1868 దాకా దాదాపు 1.6 లక్షల మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు ఓడల్లో తరలించింది. శిక్ష ముగిశాక చాలామంది అక్కడే స్థిరపడ్డారు. మనవాళ్లకు అదే శిక్ష పడితే అండమాన్. జనం నోట కాలాపానీ.

1857 జులై 17న హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రొహిల్లాలు బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఇప్పుడు మనం కోఠి ఉమెన్స్ కాలేజీ అంటున్నామే, ఆ భవనమే. జమేదార్ చీదాఖాన్‌ను సాలార్‌జంగ్ బ్రిటిషర్లకు అప్పగించాడన్న కోపంతో మొదలైన గొడవ అది. రాత్రంతా కాల్పులు జరిగాయి. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు.

చివరికి ఇద్దరికీ పడింది ఒకటే శిక్ష, యావజ్జీవ ద్వీపాంతరవాసం. కానీ తుర్రేబాజ్ ఖాన్ ఓడ ఎక్కలేదు. 1859 జనవరి 18న జైలు నుంచి తప్పించుకున్నాడు. తలమీద 5,000 రూపాయల బహుమతి ప్రకటించారు. ఆ రోజుల్లో అదెంత సొమ్మో ఊహించుకోండి! ఆరు రోజులకే, జనవరి 24న, తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర వేలాడదీశారు. భయపెట్టడానికే కదా!

అల్లావుద్దీన్ కూడా ముందు తప్పించుకుని బెంగళూరు దాకా వెళ్లాడు. తర్వాత దొరికిపోయాడు. 1859లో అండమాన్ పంపారు. తిరిగి రాలేదు, అక్కడే చనిపోయాడు. నన్నడిగితే ఈయన కథే ఎక్కువ బాధ పెడుతుంది. ఆరు రోజుల్లో ముగిసింది కాదు మరి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. సెల్యులార్ జైలు తొలి ఖైదీ అల్లావుద్దీనే అని వాట్సాప్ నోట్సులో తిరుగుతుంటుంది. నేనూ చాన్నాళ్లు నమ్మాను. ఆ జైలు కట్టడం మొదలైందే 1896లో, పూర్తయింది 1906లో. పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం మాత్రం 1858లోనే పెట్టారు. ఆయన్ను పంపింది అక్కడికి. ఎంసీక్యూలో ఈ రెండూ ఆప్షన్లుగా వస్తే తేదీలు ఒకసారి చూసుకోండి.

ఈసారి సెకండ్‌హ్యాండ్ పుస్తకాలకు కోఠి వెళ్తే తుర్రేబాజ్ ఖాన్ రోడ్డు ఎక్కడో అడగండి. ఉమెన్స్ కాలేజీకి దగ్గర్లోనే.