మోటారుకారు బ్రేకులు - వాని లోపములు

తిరుమల కొండమీదినుండి తిరుపతికి దిగు పాత ఘాటు రోడ్డు 1944వ సంవత్సరమున ఏర్పడినది. ఇప్పుడు కొండ నెక్కు బండ్లు రెండవ రోడ్డునను, దిగు బండ్లు ఈ పాత రోడ్డునను పోవుచుండును. మలుపు వెంట మలుపు తిరుగుచు సుమారు 700 మీటర్ల ఎత్తునుండి దిగవలసిన త్రోవ యిది. దర్శనము ముగించుకొని కారులో దిగుచున్న యొక కుటుంబమును ఊహింపుడు. వెనుక సీటులో పిల్లలు నిద్రించుచున్నారు. డ్రైవరు పెట్రోలు ఆదా యగునను తలంపుతో గేరు తప్పించి, బండిని దానంతట దానినే దొరలనిచ్చి, ప్రతి మలుపునను బ్రేకు త్రొక్కుచున్నాడు. సగము దూరము గడచునప్పటికి ఏదో కాలిన వాసన వచ్చినది. మరి రెండు మలుపులు దాటిన పిమ్మట, పెడలు గట్టిగానే యున్నను, ఎంత త్రొక్కినను బండి మునుపటివలె నెమ్మదింపలేదు.

ఏమి జరిగినది? దీనిని తెలిసికొనవలెనన్న బ్రేకు పనిచేయు విధమును కొంత యెరుగవలెను.

డ్రైవరు పెడలును త్రొక్కినప్పుడు మాస్టరు సిలిండరు అను గొట్టములోని ముషలకము ముందునకు జరిగి, బ్రేకు ఆయిలు అను ద్రవమును నెట్టును. ద్రవమును అదిమి చిన్నది చేయుట సాధ్యము కాదు గనుక ఆ ఒత్తిడి సన్నని గొట్టముల ద్వారా నాలుగు చక్రములకును ప్రాకును. అచ్చట ప్యాడులు అను రెండు బిళ్ళలు చక్రముతోపాటు తిరుగు ఇనుప డిస్కును ఇరువైపుల నుండి నొక్కిపట్టును. పెక్కు కార్లలో వెనుక చక్రములకు డిస్కునకు బదులు డ్రమ్ము ఉండును. మూసియుంచిన ద్రవమునందు ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని ఫ్రాన్సు దేశీయుడగు పాస్కల్ 17వ శతాబ్దమున కనుగొన్న సూత్రమే దీనికి ఆధారము.

బ్రేకు వేగమును మాయము చేయదు. రాపిడిచే దానిని వేడిగా మార్చును. 1200 కిలోగ్రాముల బరువుగల కారు 700 మీటర్లు దిగునప్పుడు విడుదలయగు శక్తి, 30 డిగ్రీల వేడిమిగల 28 లీటర్ల నీటిని మరగించుటకు ఇంచుమించుగా చాలును. గాలియు, నేలయు అందులో కొంత పంచుకొనును. బండి చిన్న గేరులో నున్నచో ఇంజను కూడ పెద్ద వంతు తీసికొనును. గేరు తప్పించిన డ్రైవరు ఆ వంతును సైతము బ్రేకుల నెత్తినే పెట్టినాడు. మితిమీరి వేడెక్కిన ప్యాడు తన పట్టును కోల్పోవును. కాలిన వాసన దానిదే.

ఇంతకన్న ప్రమాదకరమైనది మరియొకటి కలదు. బ్రేకు ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణ మున్నది. డాట్ 3 అను రకము క్రొత్తదిగా నున్నప్పుడు 205 డిగ్రీలకు లోపల మరగరాదని నియమము. నూటికి నాలుగు పాళ్ళకు లోబడిన నీరు చేరినంతమాత్రముననే అది 140 డిగ్రీలకు దిగిపోవచ్చును. ద్రవము మరగినచోట ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి అదిమిన అణగును గాని ఒత్తిడిని ముందునకు పంపదు. అప్పుడు పెడలు దూదిని త్రొక్కినట్లు నేలవరకు పోవును. కావుననే ఆయిలు తగ్గకున్నను రెండు మూడేండ్ల కొకసారి మార్చవలెనని కార్ల తయారీదారులు చెప్పుదురు. ఈ మాటను పాటించువారు తక్కువ.

ఘాటు రోడ్డు లేని ఊళ్ళలోను పెడలు మెత్తబడుట కద్దు. మరమ్మతు సమయమున గొట్టములలో గాలి చిక్కుకొనుట దీనికి తరచైన కారణము. పెడలును వెంటవెంట రెండు మూడుమార్లు త్రొక్కినచో గట్టిపడును. గాలిని తీసివేసినచో లోపము తొలగును. పెడలును అదిమిపట్టియుండగా అది మెల్లమెల్లగా క్రుంగిపోవుచున్నచో సంగతి వేరు. ఆయిలు ఎచ్చటనో కారుచున్నదన్నమాట. చక్రముల లోపలివైపు తడిని, బండి నిలిచిన చోట మరకలను వెదకవలెను. బయట తడి యెచ్చటను లేనిచో మాస్టరు సిలిండరులోని రబ్బరు బిళ్ళలు అరిగినవని అనుమానింపవచ్చును. అట్టి బండిని నడపరాదు.

డబ్బాలో ఆయిలు తగ్గినదని చూచిన వెంటనే నింపివేయుట పలువురకు అలవాటు. ఇది మంచి అలవాటు కాదు. ప్యాడులు అరిగినకొలది ద్రవమట్టము సహజముగనే కొంత తగ్గును. ఆ తగ్గుదల ఒక వార్త వంటిది; చదువకుండ చెరిపివేసినచో ప్యాడులు అరిగిన సంగతి గాని, కారుట గాని తెలియకపోవును.

పెడలు రాయివలె బిగుసుకొనుట దీనికి విపరీతమైన లోపము. త్రొక్కుబలమును పెంచుటకు బూస్టరు అను పరికరము శూన్యము సహాయముతో పనిచేయును. దానిని ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. ఇంజను ఆపి పెడలును నాలుగైదు మార్లు త్రొక్కి, అదిమిపట్టి, ఇంజనును నడిపింపవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగినచో బూస్టరు బాగున్నది. దిగకున్నచో అదియో, దానికి పోవు గొట్టమో చెడినది.

ఇక శబ్దముల సంగతి. వానలో నిలిపిన బండి ఉదయమున గరగరలాడినచో భయపడ నక్కరలేదు. డిస్కుపై పట్టిన తుప్పు నాలుగు బ్రేకులతో పోవును. త్రొక్కినప్పుడెల్ల కీచుమను ధ్వని వచ్చుచుండిన మాత్రము చూపించుకొనవలెను. పెక్కు ప్యాడులకు చిన్న రేకు నొకదానిని అమర్చెదరు. ప్యాడు పలుచబడగనే అది డిస్కునకు తగిలి అరచును. ఆ అరపును ఆలకింపనివారికి కొన్నాళ్ళకు ఇనుముపై ఇనుము రాచుకొను మోటు శబ్దము వినవచ్చును. అప్పటికి డిస్కు కూడ పాడగును.

బ్రేకు వేయగనే బండి ఒకవైపునకు లాగుట విచిత్రమైన లోపము. ఎడమకు లాగినచో దోషము ఎడమ చక్రమునందే యున్నదని తోచును. కాని పలుమారులు కుడి చక్రము పట్టకపోవుటయే కారణము; పట్టిన ప్రక్కకు బండి తిరుగును. అయినను మొదట టైర్లలో గాలి సమముగా నున్నదో లేదో చూచుట తెలివి. కొంతదూరము నడచిన పిమ్మట ఒక్క చక్రము మాత్రమే మిక్కిలి వేడిగా నున్నచో, అచ్చటి ప్యాడు డిస్కును విడువక రాచుకొనుచున్నదని గ్రహింపవలెను. చేతిని దగ్గరగా పెట్టి చూడవలెనే గాని తాకరాదు. స్టీరింగు అదురుట సాధారణముగా డిస్కు మందము ఒకచోట హెచ్చు, ఒకచోట తగ్గు అగుటచే కలుగును. హఠాత్తుగా గట్టిగా త్రొక్కినప్పుడు పెడలు టకటక కొట్టుకొనుట మాత్రము, చక్రములు జారకుండ కాపాడు ఏ.బి.ఎస్. ఏర్పాటు చేయు పనియే. బెదరి కాలు తీయరాదు.

ఘాటు రోడ్డుపై మన డ్రైవరునకు ఇవియన్నియు తెలియవు. కాని కాలిన వాసన అతనికి హెచ్చరికయైనది. బండిని రెండవ గేరులో వేసి, ఇంజను ఆపక, హ్యాండు బ్రేకును మెల్లగా లాగుచు, రోడ్డు వెడల్పుగా నున్న యొకచోట నిలిపినాడు. చక్రములపై నీరు పోయుదుమని ఇంటివారు సీసాలు తీసిరి. కాగిన ఇనుము పగులునేమో యని అతడు వారించినాడు. ముప్పావుగంట చల్లారనిచ్చి, తక్కిన దూరము చిన్న గేరులోనే దిగినాడు. మరునాడు షెడ్డులో సర్వీసు పుస్తకము తీసి చూడగా, బ్రేకు ఆయిలు మార్చి ఐదేండ్లు గడచినట్లు తెలిసినది.