110 నిమిషాల చక్కెర

చీపురుపల్లి నుంచి విశాఖపట్నానికి రైల్లో 90 కిలోమీటర్లు ఉంటుందేమో, ఇంచుమించు రెండు గంటల ప్రయాణం. పెట్ స్కాన్‌కి వాడే మందుని చీపురుపల్లిలో రైలెక్కిస్తే, విశాఖలో దిగేసరికి దాని పస సగానికి పడిపోతుంది. సీసా మూత తీసింది లేదు, చుక్క ఒలికింది లేదు. అందులోని ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకీ సగమైపోతుంది, అంతే. హైదరాబాదులో తయారుచేసి 12 గంటలు రోడ్డు మీద తెస్తే, మిగిలేది నూటికి ఒక వంతు. తెల్లవారుజామున సైక్లోట్రాన్ అనే యంత్రంలో పుట్టి, ఆ పూటే ఒంట్లోకి ఎక్కాల్సిన మందు ఇది.

పేరు ఎఫ్‌డీజీ. గ్లూకోజ్ అణువులో రెండో కార్బన్ దగ్గరున్న హైడ్రాక్సిల్ తీసేసి, అక్కడ రేడియోధార్మిక ఫ్లోరిన్ పెడతారు. కణం దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి రానిస్తుంది. హెక్సోకైనేజ్ అనే ఎంజైము దానికో ఫాస్ఫేటు కూడా తగిలిస్తుంది. ఆ తర్వాతి ఎంజైముకి మాత్రం అది కొరుకుడు పడదు. ఇక ఆ దొంగ చక్కెర అటు కరగదు, ఇటు బయటికి రాదు. కేన్సర్ కణాలు చక్కెరని విపరీతంగా లాగుతాయని ఒట్టో వార్బర్గ్ 1920ల్లోనే చూపించాడు. కాబట్టి కణితి ఉన్నచోట ఇది పోగుపడుతుంది. అక్కడ ఫ్లోరిన్ విడిచిన పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌ని తగిలి రెండూ మాయమై, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. ఒంటిచుట్టూ ఉన్న డిటెక్టర్లు ఆ జంటల్ని పట్టి చిత్రం గీస్తాయి.

నిజానికి ఇది కణితుల కోసం పుట్టలేదు, మెదడు కోసం పుట్టింది. 1976 ఆగస్టులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తత్సువో ఇదో బృందం చేసిన మందుని విమానంలో ఫిలడెల్ఫియా తీసుకెళ్లారు. అక్కడ అబ్బాస్ అలావీ దాన్ని మొదటిసారి మనుషులకి ఎక్కించాడు. అంటే మొదటి రోజు నుంచీ దీనికి పరుగే. 1986లో జర్మనీలోని యూలిష్‌లో హమాకర్ బృందం తయారీ పద్ధతిని మార్చి దిగుబడి బాగా పెంచాకే ఇది ఆస్పత్రుల మందయింది. మన దేశపు మొదటి మెడికల్ సైక్లోట్రాన్ 2002లో ముంబై పరేల్‌లో మొదలైంది.

స్కాన్‌కి పరగడుపున రమ్మంటారు. ముందు వేలు పొడిచి షుగర్ చూస్తారు, మరీ ఎక్కువుంటే ఆ పూటకి వాయిదా. టంగ్‌స్టన్ తొడుగున్న సిరంజితో మందు ఎక్కించాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. ఏదైనా నములుతూ కూర్చుంటే దవడ కండరాలు కూడా చక్కెర తాగి తెరమీద వెలుగుతాయి. మెదడు, మూత్రాశయం ఎలాగూ వెలుగుతాయి. మన దగ్గర అసలు తంటా క్షయతో. ఊపిరితిత్తుల్లో టీబీ మచ్చ కూడా కేన్సర్‌లాగే మెరుస్తుంది, ముక్క తీసి పరీక్షిస్తే గానీ తేలదు.

పైగా ప్రొస్టేట్ కేన్సర్‌కి చక్కెర మీద అంత మోజు లేదు. దాని కణాల పైన ఉండే పీఎస్ఎంఏ అనే ప్రొటీన్‌ని పట్టుకుని జాడ చెప్పే మందులు (ట్రేసర్లు) కావలసివచ్చాయి. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఈ రకం మొదటి యాంటీబాడీ, ఆ ప్రొటీన్‌కి కణం లోపలున్న కొసకి అతుక్కునేది. బతికున్న కణం తలుపు తీయదు కదా! బయటి భాగాన్ని పట్టే జే591 అనే యాంటీబాడీని న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో నీల్ బాండర్ తయారుచేస్తే, దానికి రేడియోధార్మిక లోహాల్ని తగిలించే పనిలో వల్లభజోస్యుల శంకర్ పాలుపంచుకున్నారు. ఇంటిపేరు చూస్తే తెలుగువారికి వేరే పరిచయం అక్కర్లేదు. పెట్, స్పెక్ట్ స్కాన్లలో వాడే మందుల మీద 2009లో ఆయన రాసిన పుస్తకం ఈ రంగంలో పేరున్నది.

నాకు మాత్రం ఆయన బృందం 2014లో ప్రచురించిన పని ఎక్కువ నచ్చుతుంది. అందులో పీఎస్ఎంఏని పట్టే చిన్న అణువులకి తగిలించింది టెక్నీషియం-99ఎమ్. దాని సగం ఆయుష్షు 6 గంటలు, సైక్లోట్రాన్ అవసరం లేదు, మామూలు గామా కెమెరా చాలు. బొమ్మ పెట్ అంత తేటగా రాదు, చిన్న చిన్న గడ్డలు తప్పిపోవచ్చు, నిజమే. కానీ చీపురుపల్లి లాంటి ఊళ్లకి దగ్గర్లోని జిల్లా ఆస్పత్రిని లెక్కలోకి తీసుకుంటే, మరో సైక్లోట్రాన్ కంటే ఇదే ముందు అందుతుందనిపిస్తుంది. టెక్నీషియం వచ్చేది మాలిబ్డినం-99 నింపిన జనరేటర్ నుంచి. ఆ రంగంలో దాన్ని ఆవు అంటారు, రోజూ ఉదయాన్నే సెలైన్ పోసి పితుకుతారు. మాలిబ్డినం సగమవడానికి 66 గంటలు పడుతుంది. సోమవారం ముంబైలో బయల్దేరిన జనరేటర్‌లో గురువారానికి కూడా ఇంచుమించు సగం ఉంటుంది.