ఖాకీ తొడిగినవాడా, తొడిగించినవాడా?

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. జిల్లాలో దాన్ని ఒట్టి మాధవరం అనేవాళ్లు తక్కువ, మిలటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారని ఊరివాళ్లు లెక్క చెబుతారు. ఊళ్లో యుద్ధ స్మారకం కూడా ఉంది. ఆ ఊరి ప్రస్తావన వచ్చినప్పుడు గోదావరి జిల్లాల్లో రెండు రకాల మాటలు వింటూ ఉంటాం. దేశం కోసం పోరాడిన వీరులని కొందరంటారు. తెల్లవాడి జీతం తిని, తమకు ఏ కీడూ చెయ్యని వాళ్లను చంపి వచ్చారని ఇంకొందరంటారు. రెండు మాటలూ ఆ మనుషులకు అన్యాయమే చేస్తున్నాయని నాకనిపిస్తుంది.

అపోహ: ప్రపంచయుద్ధాల్లో మనవాళ్లు మన దేశం తరఫున పోరాడారు.

వాస్తవం: యుద్ధంలోకి దిగాలా వద్దా అని మన దేశాన్ని ఎవరూ అడగలేదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఒక్క ప్రకటనతో భారతదేశాన్ని యుద్ధంలోకి దించేశాడు. ప్రజలు ఎన్నుకున్న ఏ సభనూ ముందుగా సంప్రదించలేదు. దానికి నిరసనగానే మద్రాసులో రాజాజీ మంత్రివర్గం ఆ అక్టోబరు చివర్లో దిగిపోయింది. తక్కిన రాష్ట్రాల్లో కాంగ్రెస్ ప్రభుత్వాలూ అదే దారి పట్టాయి. అంతకు ముందు, 1914లోనూ అంతే. మొదటి యుద్ధంలో 13 లక్షల మందికి పైగా భారతీయులు పనిచేశారు, దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. రెండోదాంట్లో 25 లక్షల మంది చేరారు, 87 వేల మంది దాకా పోయారు. ప్రాణాలు మనవే, నిర్ణయం మాత్రం మనది కాదు.

అపోహ: అయితే వాళ్లు జీతానికి అమ్ముడుపోయిన బంట్లు.

వాస్తవం: ధవళేశ్వరం ఆనకట్టతో డెల్టాకు కాలవలు వచ్చాయి గానీ అందరికీ పొలం రాలేదు. సెంటు భూమి లేని ఇంట్లో, కౌలు కట్టలేని ఇంట్లో నెలనెలా వచ్చే మనియార్డరుకు ఎంత విలువుంటుందో ఇంటి ఖర్చు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. జీతం కోసం చేరడం నేరమైతే, ఆ ప్రభుత్వం కింద పనిచేసిన గుమాస్తా, మునసబు, తాసిల్దారు అందరూ నేరస్థులే కావాలి. సాక్షాత్తూ గాంధీగారే 1918లో ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి, సైన్యంలో చేరండని రైతుల్ని అడిగారు.

ఇంకో సంగతి. రెండో యుద్ధంలో ఎదుటిపక్షం అమాయకులేమీ కాదు. 1942 మార్చిలో జపాను సేన అండమాన్లను పట్టుకుంది, అక్కడివాళ్లను పెట్టిన చిత్రహింసలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏప్రిల్ 6న విశాఖపట్నంతో పాటు మన కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ జపాను సేనతో బర్మా అడవుల్లో తలపడినవాణ్ణి తెల్లవాడి బంటు అని కొట్టిపారెయ్యలేం. దుర్మార్గపు ప్రభుత్వం కూడా ఒక్కోసారి న్యాయమైన పక్షాన నిలబడుతుంది. అంతమాత్రాన అది మంచి ప్రభుత్వమైపోదు, దాని జెండా కింద పోరాడినవాడు దుర్మార్గుడూ అయిపోడు.

అపోహ: పరాయి జనం మీద తుపాకీ ఎత్తగలిగాడంటే ఆ సిపాయి స్వభావమే క్రూరమైనది.

వాస్తవం: ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగాలి. పరాయివాణ్ణి తెచ్చి కాల్పించడం సిపాయి స్వభావం కాదు, పాలకుడి పద్ధతి. ఆ పద్ధతికి మన పేరే పెట్టారు. 1757లో బెంగాల్లో జరిగిన ప్లాసీ యుద్ధానికి ఈస్టిండియా కుంపిణీ సేనాని క్లైవు తీసుకెళ్లిన సిపాయిల్లో చాలామంది మద్రాసు వైపు నుంచి వెళ్లినవాళ్లు. అలా ఉత్తరాదిన కుంపిణీ సిపాయికి 'తిలంగా' అనే పేరు పడింది. తెలుగువాడని దాని మూలార్థం. వందేళ్ల తర్వాత 1857లో తిరగబడి ఢిల్లీ చేరినవాళ్లు ఎక్కువగా అవధ్ ప్రాంతం వాళ్లే అయినా, నగరం వాళ్లనూ తిలంగాలనే పిలిచింది. మన జాతి పేరు ఎక్కడో 'ప్రభుత్వపు తుపాకీ' అనే అర్థంలో స్థిరపడిపోయింది. అది తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ప్లాసీ జరిగిన మరుసటేడు, 1758 డిసెంబరులో, ఫోర్డు అనే కుంపిణీ సేనాని బెంగాల్లో కూర్చిన సిపాయిలను వెంటబెట్టుకుని మన పిఠాపురం దగ్గర చందుర్తికి వచ్చి ఫ్రెంచివాళ్లను ఓడించాడు. రెండు పక్షాల్లోనూ తెల్లవాళ్లు వందల్లో ఉంటే సిపాయిలు వేలల్లో ఉన్నారు. ఇక్కడి మనిషి అక్కడ, అక్కడి మనిషి ఇక్కడ. ఎవరికీ ఎదుటివాడి ఊరు తెలియదు, ఎదుటివాడి కష్టమూ తెలియదు.

1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు లేచినప్పుడు జరిగిందీ అదే. దాన్ని అణచడానికి మలబారు నుంచి స్పెషల్ పోలీసులను, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను తెచ్చారు. కొండరెడ్లు, కోయలు, బగతలు ఎందుకు విల్లెత్తారో, కొండ ఊళ్ల పెద్దలైన ముఠాదారులకు ఏం అన్యాయం జరిగిందో, అటవీ చట్టాలతో పోడు ఎలా ఆగిపోయిందో ఆ సిపాయిలకు ఏం తెలుసు? తెలియకూడదనే వాళ్లను తెచ్చారు. 1945లో, యుద్ధం ముగిశాక కూడా, ఇండోనేసియాలో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న జనం మీదికి సురబాయాలో పంపింది మన భారత సైనికులనే. అప్పటికి మనమే ఇంకా బానిసలం. నెహ్రూ దాన్ని గట్టిగా ఖండించారు. కొందరు సైనికులు తుపాకులతో సహా ఇండోనేసియావాళ్ల వైపు చేరిపోయారు.

అపోహ: ఎక్కడో జరిగిన యుద్ధం మనకెందుకు?

వాస్తవం: బర్మాను మూడు యుద్ధాల్లో, 1824లో, 1852లో, 1885లో ఆక్రమించిన సేనల్లో మద్రాసు పటాలాలున్నాయి. ఆ వెనకే కాకినాడ, కోరంగి రేవుల నుంచి మన కూలీలు రంగూను వెళ్లారు. బర్మావాళ్లు వాళ్లను కోరంగీలన్నారు. 1930లో రంగూను రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగి ఎందరో చచ్చిపోయారు. ఆ ద్వేషంలో కూలి పోటీ ఉంది, వడ్డీల బాధ ఉంది, ఆక్రమణ వెంట దిగిన పరాయివాళ్లన్న కోపమూ ఉంది. 1942లో జపాను వచ్చాక లక్షల మంది భారతీయులు అరకాన్, అస్సాం దారుల్లో కాలినడకన పారిపోయి వచ్చారు. తుపాకీ పట్టినవాడు ఒకడు, దాని ఫలం అనుభవించినవాడు మూట మోసే ఇంకొకడు.

అపోహ: పైవాళ్ల ఆజ్ఞ పాటిస్తే సైనికుడికి ఏ బాధ్యతా ఉండదు.

వాస్తవం: 1950 నాటి మన సైనిక చట్టం 41వ సెక్షన్ శిక్షించేది 'చట్టబద్ధమైన' ఆజ్ఞను ధిక్కరించినవాణ్ణి. ఆ ఒక్క మాటలో చాలా ఉంది. పాత శిక్షాస్మృతి 76వ సెక్షన్‌లో అల్లరిమూక మీద కాల్చిన సైనికుడి ఉదాహరణే ఇచ్చారు. అధికారి ఆజ్ఞ చట్టానికి లోబడి ఉంటేనే అతని మీద నేరం లేదన్నారు. నూరెంబర్గ్ విచారణల్లో 'ఆజ్ఞ వచ్చింది, చేశాం' అన్న జవాబు నాజీలను కాపాడలేదు. 1949 నాటి జెనీవా ఒప్పందాలకు మన పార్లమెంటు 1960లో చట్టరూపం ఇచ్చింది. మణిపూర్ ఎన్‌కౌంటర్ మరణాల కేసులో 2016 జులైలో సుప్రీంకోర్టు, సైన్యానికి ప్రత్యేకాధికారాలున్న చోట కూడా మితిమీరిన బలప్రయోగానికి సంపూర్ణ రక్షణ ఉండదని చెప్పింది.

కానీ చట్టం రాసుకున్నంత సులువు కాదు ఆ క్షణం. ఆజ్ఞ అన్యాయమని నమ్మి ఆగిపోయి, తర్వాత కోర్టు అది చట్టబద్ధమేనంటే, 14 ఏళ్ల దాకా జైలు. ఆ బరువంతా ఇరవై ఏళ్ల సిపాయి మీదే పెట్టడం ఏం న్యాయం? ముందు జవాబు చెప్పాల్సింది ఆజ్ఞ ఇచ్చినవాడు. అలాగని, చేతులెత్తిన మనిషిని, పసిబిడ్డను కాల్చమంటే అది తప్పని తెలియడానికి చట్టం చదవక్కర్లేదు. ఆ పాపం మాత్రం ఇద్దరిదీ.

అపోహ: సైనికుడు ఆజ్ఞ ధిక్కరిస్తే గాంధీగారు మెచ్చుకునేవారు.

వాస్తవం: 1930 ఏప్రిల్ 23న పెషావరులో నిరాయుధులైన పఠాన్ల మీద కాల్చమంటే, చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన పటాలం వాళ్లు కాల్చలేదు. యావజ్జీవ శిక్ష పడిన చంద్రసింగ్ 1941 దాకా జైల్లో ఉన్నారు. గాంధీగారు ఆ పనిని సమర్థించలేదు. సైనికుడు ప్రమాణం చేసి చేరాడు, దాన్ని తప్పకూడదు, రేపు మన ప్రభుత్వం వచ్చినా సైన్యం మాట వినాలి కదా అన్నది ఆయన వాదన. గాంధీగారంటే నాకు ఎంతో గౌరవం. ఈ విషయంలో మాత్రం నేను చంద్రసింగ్ పక్షమే. ఆ రోజు ఆ పటాలం కాల్చి ఉంటే ప్రమాణం నిలబడేది, వాళ్ల తూటాలకు మనుషులు పోయేవారు.

అపోహ: సైన్యాన్ని పంపిన ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తే సైనికులను అవమానించినట్టే.

వాస్తవం: 1987 జులై 29న కొలంబోలో ఒప్పందం కుదరగానే మన శాంతి సేన శ్రీలంకకు వెళ్లింది. శాంతి కాపాడటానికని వెళ్లినవాళ్లు అక్టోబరుకల్లా తమిళ పులులతో (ఎల్టీటీఈతో) యుద్ధంలో కూరుకుపోయారు. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది మనవాళ్లు లేరు. జాఫ్నాలో మామూలు తమిళులు చాలామంది ఆ పోరులో నలిగిపోయారు. వెళ్లే ముందు పార్లమెంటులో ఓటు జరగలేదు. మన రాజ్యాంగంలో సేనల సర్వాధిపత్యం రాష్ట్రపతిది, ఆ పదవిలో ఉన్నవారు నడిచేది మంత్రివర్గం సలహాతో. బయటి దేశానికి సైన్యాన్ని పంపాలంటే పార్లమెంటు ముందుగా ఒప్పుకోవాలన్న నియమం ఎక్కడా లేదు.

2003లో అమెరికా ఇరాక్‌కు మన సైన్యాన్ని పంపమని అడిగింది. ఆ ఏప్రిల్‌లోనే లోక్‌సభ ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసి ఉంది. పంపాలా వద్దా అని దేశంలో నెలల తరబడి గట్టిగా వాదనలు జరిగాయి. జులైలో వాజ్‌పేయి ప్రభుత్వం పంపేది లేదని చెప్పేసింది. అప్పుడు ప్రశ్నించినవాళ్లెవరూ సైనికులను అవమానించలేదు. ఒక డివిజన్ సైన్యాన్ని, అంటే దాదాపు 17 వేల మంది ఇంటి బిడ్డలను, తమది కాని యుద్ధానికి పోకుండా ఆపారు. ఆనాడు సభా, జనమూ మాట్లాడారు కాబట్టి ఆగింది. సభ తప్పనిసరిగా ఓటెయ్యాలనే చట్టం మాత్రం నేటికీ లేదు.