గర్భాశయ ముఖద్వార పరీక్ష – మొదటిసారి వెళ్లువారికి

“నాకే బాధా లేదు. మరి ఈ పరీక్ష దేనికండీ?” మా వైద్యశాలకు వచ్చు తల్లులలో చాలామంది అడుగు ప్రశ్న ఇది. బాధ లేనప్పుడు చేయించుకొనవలసిన పరీక్ష కనుకనే దీనికంత విలువ.

గర్భాశయపు క్రింది భాగము యోనిలోనికి తెరచుకొను చోటును గర్భాశయ ముఖద్వారమందురు. అచట పుట్టు క్యాన్సరుకు ముఖ్య కారణము హెచ్.పి.వి. అను వైరస్. ఈ సంబంధమును కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించినది. దాంపత్య సంపర్కము వలన సోకు ఈ వైరస్‌ను చాలామందిలో శరీరమే ఒకటి రెండేళ్లలో తొలగించుకొనును. కొందరిలో మాత్రము అది నిలిచిపోయి, కణములను మెల్లగా మార్చి, సాధారణముగా పదిహేను ఇరవై సంవత్సరములకు క్యాన్సరును కలిగించును. ఎప్పుడో సోకి మౌనముగా ఉండిపోవు వైరస్ ఇది. కనుక దీనిని సాకుగా తీసికొని భార్యాభర్తలు ఒకరినొకరు శంకించుకొనరాదు.

శాస్త్రము చూడుమన్నది

రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నలచే పరీక్షింపవలెనని మాకు గురుకులములో మొదట నేర్పిన పాఠము. అష్టాంగ హృదయము సూత్రస్థానములో వాగ్భటాచార్యులు యోనిలోని వ్రణములను చూచుటకు ప్రత్యేకముగా ఒక యంత్రమును వర్ణించినారు. అది పదునారు అంగుళముల పొడవు గలది. దాని ముఖము తామరమొగ్గవలె ఉండి, నాలుగు రేకులుగా విచ్చుకొనును. నేడు డాక్టరమ్మ వాడు స్పెక్యులమ్ ఆ కోవకు చెందినదే. కావున ఈ పరీక్ష మన సంప్రదాయమునకు విరుద్ధమనుట సరికాదు.

అయినను ఈ పాఠమును నేనే ఒకసారి విస్మరించితిని. చాలా ఏళ్ల క్రితము నలుబది అయిదేళ్ల గృహిణి ఒకరు తెల్లబట్టతో వచ్చినారు. ప్రశ్నలడిగి పుష్యానుగ చూర్ణము, అశోకారిష్టము ఇచ్చి, త్రిఫలా కషాయముతో కడుగుకొనుమంటిని. కొంత తగ్గినది. ఆమె సంతోషించినది, నేనును సంతోషించితిని. ఎనిమిది నెలల తరువాత రక్తస్రావముతో పెద్దాసుపత్రికి వెళ్లగా, వ్యాధి అప్పటికే ముదిరినదని తేలినది. నేను అడిగితిని గాని, చూడవలసిన వారిచేత చూపించలేదు. ఆనాటి నుండి తెల్లబట్టకు మందు వ్రాయుటకు ముందు ఈ పరీక్ష సంగతి అడుగనిదే కలము పట్టను.

ఎవరికి, ఎప్పుడు?

2016లో భారత ప్రభుత్వము విడుదల చేసిన మార్గదర్శకముల ప్రకారము 30 నుండి 65 సంవత్సరముల లోపు స్త్రీలు అయిదేళ్లకొకసారి ఈ పరీక్ష చేయించుకొనవలెను. పిల్లలు పుట్టుట ఆగినవారికిని, ముట్లుడిగినవారికిని ఇది అవసరమే. హెచ్.పి.వి. టీకా వేయించుకొన్నవారు కూడ మానరాదు. అయితే కలయిక తరువాత రక్తము కనబడుట, ముట్లుడిగిన పిదప మరల ఎరుపు కనబడుట, నెలసరుల మధ్య రక్తస్రావము, దుర్వాసన గల స్రావము ఉన్నచో తేదీ కొరకు వేచి ఉండక వెంటనే స్త్రీవైద్య నిపుణురాలిని కలిసికొనవలెను.

ఇంటి వద్ద సిద్ధపడు విధము

1. బహిష్టు మొదలైన నాటి నుండి పది మొదలు ఇరవై దినముల మధ్య తేదీ నిర్ణయించుకొనుట మేలు.

2. పరీక్షకు ముందు రెండు దినములు త్రిఫలా కషాయము, వేపాకు నీరు, పటిక నీరు మొదలగువానితో లోపల కడుగరాదు. తైలపు దూది, మాత్రలు, లేపనములు లోపల ఉంచరాదు. శుభ్రముగా వెళ్లవలెనని ఇవి చేయువారు చాలామంది. కాని కడిగినచో పరీక్షకు కావలసిన కణములు కొట్టుకొనిపోవును. తైలము, లేపనము కణములను కప్పివేయును. వెలుపల మామూలు నీటితో స్నానము చాలును.

3. ఆ రెండు దినములు దంపతులు దూరముగా ఉండవలెను.

4. ఉపవాసము అక్కరలేదు. అలవాటైన ఫలాహారము తిని వెళ్లవచ్చును.

5. చీర గాని, వదులైన లంగా గాని కట్టుకొన్నచో సౌకర్యముగా ఉండును. తోడుగా అక్కనో, కోడలినో తీసికొని వెళ్లవచ్చును.

6. కడపటి బహిష్టు తేదీ, కాన్పులు, గర్భస్రావములు, కాపర్-టి, వాడుచున్న మందులు (మేమిచ్చిన అరిష్టములు, చూర్ణములతో సహా) ఒక కాగితముపై వ్రాసికొనవలెను. గర్భిణి అయినచో, అనుమానమున్నను, ముందే చెప్పవలెను.

7. గర్భసంచి తీయించుకొన్నవారు మన తెలుగునాట చాలామంది ఉన్నారు. వారు ఆపరేషను కాగితములు చూపి, ముఖద్వారము కూడ తీసినారా లేదా అని అడిగి తెలిసికొనవలెను.

గదిలో జరుగునది

ముందుగా మూత్రవిసర్జన చేసి రావలెను. వెల్లకిల పడుకొని మోకాళ్లు మడచిన తరువాత డాక్టరమ్మ స్పెక్యులమ్‌తో లోపల చూచును. పాప్ స్మియర్ పరీక్షలో చిన్న కుంచెతో కణములు తీయుదురు, హెచ్.పి.వి. పరీక్షకును అదే విధముగా నమూనా తీయుదురు. మూడవ పద్ధతిలో పలుచని ఎసిటిక్ ఆమ్లము అద్ది, ఒక నిమిషము ఆగి, తెల్లని మచ్చలు తేలినవేమో చూతురు. ఫలితము అప్పుడే తెలియును. ఏ పద్ధతియైనను కొద్ది నిమిషముల పనియే. కోత, కుట్టు, మత్తు ఉండవు. కొంత బిగువు, అసౌకర్యము తోచవచ్చును. నోటితో దీర్ఘముగా శ్వాస విడుచుచు, నడుము వదులు చేసినచో సులభమగును. నొప్పి అనిపించిన ఆపుమని చెప్పుటకు సంకోచింపవలదు. తరువాత ఒకటి రెండు దినములు కొద్దిగా ఎరుపు కనబడవచ్చును. అధికమైనచో మరల చూపించుకొనవలెను.

ఫలితము వచ్చినప్పుడు

“తేడా ఉన్నది” అన్నంతనే క్యాన్సరని కాదు. దాని తరువాతి మెట్టు కాల్పోస్కోపీ, అవసరమైనచో చిన్న ముక్క పరీక్ష. ముందుగా కనుగొన్న మార్పులను చాలామందిలో గర్భసంచికి హాని లేకుండగనే, చలువతోనో వేడితోనో ఆ భాగమును మాడ్చి నయము చేయవచ్చును. తెల్లబట్ట క్యాన్సరగునని భయపెట్టి, ఈ పరీక్షలేవియు లేకుండ గర్భసంచి తీయించుకొనుమని ఎవరైన తొందరపెట్టినచో మరియొక వైద్యురాలి అభిప్రాయము తీసికొనుడు. అట్లే, ఆ మార్పులను ఇంటి చిట్కాలతో, కషాయములతో పోగొట్టుకొందమని కాలము గడుపవలదు. ఈ మాట కషాయములతోనే జీవితము గడిపిన వైద్యుడు చెప్పుచున్నాడని గ్రహింపుడు.

తన జ్వరమును ఇంటిల్లిపాదికి వండి వడ్డించిన పిదప గాని తలచుకొనని గృహిణి మన ఇండ్లలో సామాన్యము. ఆమె తనంతట తాను తేదీ పెట్టుకొనదు. కావున ఈ పుట చదివిన భర్తలు, ఎదిగిన పిల్లలు ఆ తేదీని కాలెండరుపై గుర్తించి, ఆ పూట వంట బాధ్యత తాము వహింపగలరని ఆశించుచున్నాను.