ఒక్క మెడల్.. రెండు దేశాలు.. ఎవరు ఎంపిక చేయాలి?

మీ కాలేజీ, పక్క కాలేజీ కలిసి ఒక ప్రైజ్ పెట్టాయనుకోండి. జడ్జీలుగా ఎవరుండాలి? వాళ్లవాళ్లుంటే మనకు డౌటు. మనవాళ్లుంటే వాళ్లకు డౌటు. ఫెస్ట్ అయ్యేలోపు గొడవ ఖాయం! ఇదే చిక్కు రెండు దేశాల మధ్య వస్తే? భౌతికశాస్త్రంలో దానికి దశాబ్దాల కిందటే ఓ దారి దొరికింది.

జాబితా ఒకరిది.. నిర్ణయం ఇంకొకరిది

ఫెర్నాండ్ హోల్వెక్ పారిస్‌లోని రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన శాస్త్రవేత్త. ఫ్రాన్స్ నాజీల చేతిలో ఉన్నప్పుడు వాళ్ల రహస్య పోలీసులు ఆయన్ని పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టారు. 1941లో ఆయన ప్రాణాలు పోయాయి. ఆ జ్ఞాపకంగా ఫ్రాన్స్, బ్రిటన్ భౌతికశాస్త్ర సంఘాలు 1945లో ఉమ్మడి బహుమతి పెట్టాయి. 1946లో మొదటిది ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ సాడ్రన్‌కు, మరుసటి ఏడాది బ్రిటన్‌కు చెందిన ఆండ్రేడ్‌కు దక్కింది.

ఇందులో అసలు కిటుకు ఎంపికలో ఉంది. ఒక సంఘం పేర్ల జాబితా పంపుతుంది. విజేతను తేల్చేది రెండో సంఘం. ఎవరి పని గట్టిదో సొంత దేశం వాళ్లకే బాగా తెలుసు. కానీ అక్కడే గైడ్లు, శిష్యులు, పాత పంతాలు కూడా ఉంటాయి. అందుకే చివరి మాట బయటివాళ్లకు వదిలేశారు. పైగా జాబితాలో బలహీనమైన పేరు పెడితే పోయేది పంపినవాళ్ల పరువే!

పాస్‌పోర్టు కాదు, పనిచేసే చోటు

ఇలాంటిదే మాక్స్ బార్న్ మెడల్. యూదుడు కావడంతో 1933లో జర్మనీలో ఉద్యోగం పోయి, బార్న్ బ్రిటన్ చేరారు. మధ్యలో సి.వి.రామన్ పిలుపుతో కొన్ని నెలలు బెంగళూరులోనూ ఉన్నారు. తర్వాత ఎడిన్‌బరోలో ప్రొఫెసర్ అయ్యారు. 1954లో నోబెల్ అందుకున్నారు. ఆయన పేరిట జర్మనీ, బ్రిటన్ సంఘాలు ఇచ్చే ఈ మెడల్ 1973లో మొదలైంది. బేసి సంఖ్య ఏడాదిలో బ్రిటన్, ఐర్లండ్‌ల వంతు. సరి సంఖ్య ఏడాదిలో జర్మనీ వంతు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పుట్టిన దేశం కాదు, పనిచేస్తున్న దేశం. అంటే జర్మనీ ల్యాబ్‌లో పరిశోధన చేసే తెలుగమ్మాయి కూడా జర్మనీ వంతులోనే వస్తుంది. దేశం మారి బతికిన మనిషి పేరున్న బహుమతికి ఇంతకన్నా తగిన రూల్ ఏముంటుంది?

మీరేం చేయాలి?

* అవార్డయినా, ఫెలోషిప్ అయినా ముందు మూడు విషయాలు చూడండి: పౌరసత్వం అడుగుతున్నారా, పనిచేసే చోటు అడుగుతున్నారా? ఈ ఏడాది ఎవరి వంతు? మీరే అప్లై చేయాలా, వేరేవాళ్లు పేరు పంపాలా? చాలామంది చివరి తేదీ ఒక్కటే చూసి ఆగిపోతారు.
* రెండు కాలేజీలు కలిసి హ్యాకథాన్ పెడుతున్నారా? వంతులు, జాబితా పంపేదెవరు, తేల్చేదెవరు అన్నవి ఎంట్రీలు రాకముందే కాగితం మీద పెట్టండి. తగిన ప్రాజెక్టు రాకపోతే ప్రైజ్ ఆపాలా వద్దా అన్నదీ అప్పుడే రాసుకోండి. పేర్లు తెలిశాక రాసే ఏ రూలైనా ఎవరో ఒకరి కోసం రాసినట్టే కనిపిస్తుంది.