షెడ్డులో వాసన రాని విషం

పుట్టీ కలుపుతున్నప్పుడు ఎప్పుడైనా బాడీ షెడ్డు ముందు నుంచి వెళ్లారా? తియ్యటి ఘాటు ఒకటి ముక్కులో దూరి తలకెక్కుతుంది. వెనకాలే థిన్నర్ వాసన. చీపురుపల్లి చుట్టుపక్కల పెరిగిన వాళ్లకి ఇవి కొత్తేం కాదు. విజయనగరం నుంచి గరివిడి మీదుగా వచ్చి రాజాం వైపు పోయే రోడ్డు మీద టింకరింగ్, వెల్డింగ్, పెయింటింగ్ షెడ్లకి కొదవలేదు. ‘అబ్బా, కెమికల్’ అనుకుని ముక్కు మూసుకుని దాటిపోతాం.

నేనూ ఎన్నాళ్లుగానో అలాగే దాటిపోయేవాణ్ణి. ఈ స్టోరీ కోసం షెడ్లలోకి వెళ్లి, పనయ్యేదాకా నిలబడి చూశాను. ముక్కుకి తెలిసేవి ఒక ఎత్తు, తెలియనిది ఒక ఎత్తు. పెయింటర్‌ ఊపిరితిత్తుల్ని గట్టిగా దెబ్బకొట్టేది ఆ తెలియనిదే. దాన్ని షెడ్డులో బంధించి ఉంచడంలో మన చెయ్యి కూడా ఉంది. అదెలాగో చెప్తాను.

ముందు పుట్టీ సంగతి. ఆ ఘాటు స్టైరీన్‌ది. ఈ పేరు ఉత్తరాంధ్రకి 2020 మే 7 తెల్లవారుజామున పరిచయమైంది. విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి బయటికొచ్చి 12 మంది ప్రాణాలు తీసింది ఇదే. అక్కడ ట్యాంకులో ఉన్నది టన్నుల కొద్దీ సరుకు, ఇక్కడున్నది ఒక డబ్బా పుట్టీ. రెండూ ఒకటేనని నేను అనను. కానీ వెంకటాపురం వాళ్లు పీల్చింది ఒక్క రోజు. షెడ్డులో మేస్త్రి కొంచెం కొంచెంగా రోజూ పీలుస్తాడు, ఇరవై ముప్ఫై ఏళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2018లో స్టైరీన్‌ని ‘బహుశా క్యాన్సర్ తెచ్చేది’ అనే వర్గంలోకి మార్చింది. అంతకంటే చాలా ముందే, 1989లోనే, పెయింటర్ వృత్తినే క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. అంటే ఒక్కో రసాయనాన్ని విడదీసి చూడకుండా, ఆ పని చేయడమే రిస్కు అని.

అయినా స్టైరీన్ కాస్త మర్యాద తెలిసింది. వచ్చే ముందు వాసనతో కబురు పెడుతుంది. తలుపు తీసుకోవడానికో, బయటికి రావడానికో టైమిస్తుంది. హార్డ్‌నర్‌కి ఆ మర్యాద లేదు.

టూకే అంటే ఏంటి?

పాతకాలం మేస్త్రీలు కారు పెయింటుని ఇప్పటికీ ‘డ్యూకో’ అంటారు. అది అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ అమ్మిన నైట్రోసెల్యులోజ్ పెయింటు పేరు. 1923లో కార్ల మీదకి వచ్చింది. అంతకుముందు ఒక కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డ్యూకో త్వరగా ఆరిపోయేది, అందుకే ప్రపంచమంతా పాకింది. బ్రాండు పేరు మన షెడ్లలో పెయింటు పేరై కూర్చుంది, జిరాక్స్ లాగా.

ఇప్పుడు మనం అడిగే అద్దం లాంటి మెరుపు మాత్రం టూకేతో వస్తుంది. రెండు డబ్బాలు ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఒకదాంట్లో పెయింటు లేదా క్లియర్ కోట్, రెండోదాంట్లో హార్డ్‌నర్. రెండూ కలిశాకే గట్టిపడుతుంది, ఎండకీ పెట్రోలుకీ తట్టుకుంటుంది. ఆ హార్డ్‌నర్‌లో ఉండేవి ఐసోసయనేట్లు. ఎక్కడో విన్నట్టుందా? 1984 డిసెంబరులో భోపాల్‌లో లీకైంది మిథైల్ ఐసోసయనేట్. అది ఇట్టే ఆవిరైపోయే రకం. హార్డ్‌నర్‌లోది అలా కాదు, డబ్బాలో ఉన్నంతసేపూ అంత తేలిగ్గా గాల్లోకి లేవదు. గన్‌లో పోసి ట్రిగ్గర్ నొక్కినప్పుడు కథ మారుతుంది. కంటికి కనపడనంత సన్నటి తుంపరై గాల్లో తేలుతుంది.

ఎంత పీలిస్తే ప్రమాదం? అమెరికాలో పని చోట్ల భద్రత మీద పరిశోధించే నియోష్ సంస్థ, ఈ రకం ఐసోసయనేట్‌కి పెట్టిన పరిమితి వంద కోట్ల పాళ్ల గాలిలో 5 పాళ్లు. ఆ మోతాదు దాటినా మన ముక్కు పసిగట్టలేదు. ‘వాసనేం రాట్లేదు కదా’ అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఇది చేసే పని కూడా దొంగ పనే. కొందరికి నెలల్లో, కొందరికి ఏళ్లకి ఒంట్లో అలర్జీ పుట్టిస్తుంది. ఒకసారి అది పుట్టిందా, తర్వాత కాస్త తగిలినా చాలు, ఛాతీ బిగుసుకుపోతుంది. పైగా ఆయాసం చాలాసార్లు పనిలో ఉండగా రాదు. సాయంత్రం ఇంటికెళ్లాక, పడుకున్నాక దగ్గు మొదలవుతుంది. ఇంట్లో వాళ్లు ‘చల్లగాలి పడలేదు’, ‘బీడీలు మానడు’ అంటారు. సెలవు రోజుల్లో తగ్గుతుంది, పనిలోకి వెళ్లగానే మళ్లీ మొదలు. పెయింటుకీ దగ్గుకీ ఉన్న చుట్టరికం అలా తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. బ్రిటన్‌లో బళ్లకి స్ప్రే కొట్టే పెయింటర్లని, పని వల్ల ఆస్తమా వచ్చే వాళ్లలో ముందు వరసలో లెక్కేస్తారు.

షట్టర్ ఎందుకు దించుతారు?

ఒక షెడ్డులో మేస్త్రి కారు డోరుకి క్లియర్ కోట్ కొట్టబోతున్నాడు. నేల మీద నీళ్లు చల్లించాడు, దుమ్ము లేవకుండా. ఫ్యాన్ ఆపించాడు. తర్వాత షట్టర్ సగానికి పైగా దించేశాడు. మూతికి చేతిరుమాలు.

“బాబాయ్, మాస్కు లేదా?” అన్నాను.

“ఇదేటి మరి? కర్చీపు కట్టినాను కదా. ఇరవయ్యేళ్ల బట్టి ఇదే పని బాబూ. ఏటయింది? ఏటీ అవ్వనేదు.”

“షట్టర్ ఎందుకు?”

“నలక పడితే పార్టీ ఒప్పుకోడు.”

పార్టీ అంటే బండి ఓనరు. అంటే మనం. డెలివరీ తీసుకునేటప్పుడు ఫోన్ టార్చ్ వేసి మరీ బానెట్ మీద నలకలు వెతుకుతాం. ఒక్క చుక్క కనిపిస్తే వెయ్యి రూపాయలు తగ్గించమంటాం. నలక పడకూడదంటే గాలి ఆడకూడదు. గాలి ఆడకపోతే తుంపర బయటికి పోదు. మన బండి మీద పడాల్సిన ఆ దుమ్ముకి బదులు మేస్త్రి ఛాతీలోకి ఇది పోతోంది. ఇదంతా ఎవరూ కావాలని చేసేది కాదు, బేరంలో భాగంగా నడిచిపోతోంది.

కర్చీఫ్ సంగతి చెప్పాలి. గుడ్డ గానీ, కోవిడ్ రోజుల సర్జికల్ మాస్కు గానీ ఐసోసయనేట్‌ని ఆపవు. ఎన్‌95 దుమ్ముకి బానే పనిచేస్తుంది, ఆవిరికి పనిచేయదు. సరైన పద్ధతి, బయటి నుంచి ట్యూబులో శుభ్రమైన గాలి అందే మాస్కు. బ్రిటన్‌లో ఈ పనికి అడిగేది అదే. మన దగ్గర అంత ఖర్చు పెట్టలేని చోట కనీసం రెండు పక్కలా బొగ్గు కార్ట్రిడ్జ్‌లు, వాటి మీద పార్టికల్ ఫిల్టర్ ఉండే రబ్బరు మాస్కు వాడాలి. సుమారు రెండు మూడు వేలలో వస్తుంది. కార్ట్రిడ్జ్ అయిపోయినా వాసనతో తెలియదు కాబట్టి తేదీ రాసుకుని మార్చాలి. గడ్డం ఉంటే మాస్కు అతుక్కోదు. ఇంకొక్క విషయం. గన్ ఆపగానే మాస్కు పైకెత్తి ‘ఎలా వచ్చిందిరా’ అని చూస్తారు అందరూ. అప్పటికి గాల్లో తుంపర అలాగే ఉంటుంది. ఎగ్జాస్ట్ ఉన్న మంచి బూత్‌లోనే అది పోవడానికి నిమిషాలు పడుతుంది. దించిన షట్టర్ వెనక ఎంతసేపుంటుందో ఊహించుకోండి.

చేతులు కడుక్కోవడం ఇంకో తలనొప్పి. పని అయ్యాక థిన్నర్‌లో ముంచి తుడుచుకుంటారు. రంగు ఇట్టే పోతుంది, దాంతో పాటు చర్మం మీది జిడ్డు పొరా పోతుంది. ఆ పొర పోయిన చర్మంలోంచి కూడా హార్డ్‌నర్ ఒంట్లో అలర్జీ రేపగలదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవడం దీనికి చవకైన మందు.

గీకితే లేచేది, అంటుకుంటే మండేది

పాత బండిని పేపర్‌తో గీకినప్పుడు లేచే పసుపు, ఎరుపు పొడిలో సీసం, క్రోమియం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి గోడల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో రూల్ తెచ్చారు, 2017 నవంబరు నుంచి అమలు. కానీ అది ఇంటి పెయింట్లకే. బళ్ల పెయింటు అందులోకి రాదు. పొడిగా గీకే బదులు వాటర్ పేపర్‌తో తడిపి గీకితే పొడి గాల్లోకి లేవదు, కింద బురదలా పడుతుంది. ఆ బురదని కాలవలోకి తోసేస్తే మాత్రం సమస్య ఒంట్లోంచి బోరులోకి మారినట్టే.

వెల్డింగ్ పొగలో మాంగనీసు ఉంటుంది. మన వైపు మాంగనీసు అంటే గరివిడి ఫెర్రో అల్లాయ్స్ గుర్తొస్తుంది. దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల్లో మొదలైందే ఈ విజయనగరం ప్రాంతంలో. అది నరాల్ని దెబ్బతీస్తుందన్న సంగతి ఇక్కడి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

నిప్పు గురించి ఒక్క లెక్క చాలు. థిన్నర్లలో ఎక్కువగా ఉండే టోల్యూన్ 4 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. చీపురుపల్లిలో సంక్రాంతి చలిలో కూడా అంత చల్లగా ఉండదు కదా. అంటే ఏడాదంతా మూత తీసిన ప్రతి డబ్బా రెడీగా ఉన్నట్టే. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది. అదే కప్పు కింద గ్యాస్ వెల్డింగ్ జరుగుతుంటుంది. మూత పెట్టడం, వెల్డింగ్‌నీ పెయింటింగ్‌నీ వేరే టైముల్లో చేసుకోవడం... వీటికి పైసా ఖర్చు లేదు.

రూల్ ఉంది, షెడ్డు దాకా రాదు

రూల్స్ లేవని కాదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలకి రంగులు కేటాయించినప్పుడు, బళ్ల సర్వీసింగ్, రిపేరు, పెయింటింగ్ ఆరెంజ్ కేటగిరీలో పడ్డాయి. రాష్ట్ర మండలి నుంచి పెట్టడానికో అనుమతి, నడపడానికో అనుమతి తీసుకోవాలి. పెయింటు మడ్డి, వాడేసిన ఆయిలు ప్రమాదకర వ్యర్థాల రూల్స్ కిందకి వస్తాయి. ఆ మడ్డి పద్ధతి ప్రకారం చేరాల్సిన చోటు విశాఖ అవతల, పరవాడ ఫార్మాసిటీలోని వ్యర్థాల కేంద్రం. ముగ్గురు పనిచేసే రేకుల షెడ్డు నెలకి ఒక డబ్బా మడ్డి పట్టుకుని చీపురుపల్లి నుంచి పరవాడ వెళ్తుందా?

కార్మికుల వైపు నుంచి చూసినా అంతే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట 10 మంది ఉంటేనే వర్తించేది. 2020లో చేసిన కొత్త కోడ్ ఆ లెక్కని 20 చేసింది. షెడ్డులో ఉండేది మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు. కుర్రాళ్లంటే గుర్తొచ్చింది. 2016 సవరణ తర్వాత 14 ఏళ్ల లోపు పిల్లల్ని అసలు పనిలో పెట్టకూడదు, 18 లోపు వాళ్లని ప్రమాదకరమైన పనిలో పెట్టకూడదు. ‘పదో తరగతి తప్పినాడు, పని నేర్చుకుంతాడు’ అని వదిలిన గుంటడికి కూడా ఈ రూల్ ఉంది.

నా మాట అడిగితే, ప్రతి షెడ్డుకీ నోటీసు ఇచ్చి మూయిస్తే ఊళ్లో పని ఆగిపోతుంది తప్ప గాలి బాగుపడదు. అదే పని ఇంకో ఊళ్లో, ఇంకా లోపలి గదిలో జరుగుతుంది. ఎనిమిదేళ్లు దాటిన ఆటోకి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ఆ పరీక్షకి వెళ్లే ముందు టింకరింగ్, రంగు తప్పవు. కాబట్టి పని ఎలాగూ ఉంటుంది. నాలుగైదు మండలాలకి కలిపి ఒక్క మంచి పెయింట్ బూత్, ఎగ్జాస్టూ ఫిల్టర్లూ ఉన్నది, గంటల లెక్కన అద్దెకి దొరికితే చాలా వరకు తీరిపోతుంది. నలకా పడదు, తుంపరా పీల్చక్కర్లేదు. మడ్డిని కూడా అక్కడి నుంచే ఒక బండిలో పరవాడ పంపొచ్చు. అమెరికాలో 2008లో చిన్న బాడీ షాపుల కోసం ప్రత్యేకంగా ఒక రూల్ తెచ్చారు. బూత్, ఫిల్టర్లు, పెయింటర్‌కి ట్రైనింగ్, పెయింటు వృథా చేయని హెచ్‌వీఎల్‌పీ గన్ లేదా అలాంటిదే ఇంకోటి. ఆ గన్ అయితే మన మేస్త్రీలకి కూడా లాభమే. పాత రకం గన్‌లో పెయింటు మూడో వంతు మాత్రమే బండికి పడుతుంది, మిగతాది గాల్లో కలుస్తుంది. హెచ్‌వీఎల్‌పీలో 65 శాతం దాకా బండి మీదే పడుతుంది. ఈ లెక్క చెప్తే కర్చీఫ్ బాబాయ్ మొదటిసారి ఆసక్తిగా చూశాడు. “అలాగైతే డబ్బాకి ఎంత మిగులుతాది?” అన్నాడు. ఊపిరితిత్తుల గురించి చెప్పినప్పుడు అడగని ప్రశ్న అది.

మీ ఇంట్లో, మీ వీధిలో పెయింటర్ ఉంటే ఒకటి గమనించండి. రాత్రిపూట దగ్గు, ఆయాసం, సెలవు రోజుల్లో తెరిపి, పనిలోకి వెళ్లగానే మళ్లీ అదే ఉంటే సిరప్ కొనుక్కుని ఊరుకోవద్దు. విజయనగరం పెద్దాసుపత్రికో, విశాఖ చెస్ట్ హాస్పిటల్‌కో తీసుకెళ్లండి. డాక్టరుతో ‘దగ్గండీ’ అని ఆగిపోకుండా ‘టూకే పెయింటు కొడతాడు, హార్డ్‌నర్ కలుపుతాడు’ అని చెప్పండి. ఊది చూపించే స్పైరోమెట్రీ పరీక్ష రాయమని అడగండి. హార్డ్‌నర్ డబ్బా మీది లేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీసి పట్టుకెళ్తే ఇంకా మంచిది.